ప్యానెల్ వచ్చింది, పాఠం మాత్రం అందలేదు: సహిత తరగతిలో డిజిటల్ పాఠాలు ఎక్కడ మొదలుపెట్టాలి

టీచర్ గారూ, ముందు మీరు అడిగింది నాకు అర్థమైనంతలో చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. బెంగళూరులో కె.ఆర్. పురం వైపు సీబీఎస్‌ఈ స్కూలు. ఆరో తరగతిలో 38 మంది, వైకల్యం ఉన్న పిల్లలూ మిగతావాళ్లూ కలిసి చదివే సహిత తరగతి. మీరు సైన్సు, మూడో భాషగా తెలుగు చెబుతారు. పిల్లల్లో ఒకమ్మాయికి చూపు బాగా తక్కువ, మెరుగైన కంట్లోనే 6/60. ఒకబ్బాయి రెండు చెవులకూ మెషిన్ పెట్టుకుంటాడు. ఇద్దరికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. ఇంకో అబ్బాయికి ఆటిజం, మాటలు చాలా తక్కువ. మేనేజ్‌మెంట్ 75 అంగుళాల ప్యానెల్, పది ఆండ్రాయిడ్ ట్యాబులు, ఒక కంపెనీ పాఠాల ప్యాకేజీ కొన్నది. దసరా సెలవుల్లోపు పాఠాలన్నీ డిజిటల్ అయిపోవాలంటున్నారు. మిగతా 33 మంది హుషారుగానే ఉన్నారు, ఈ ఐదుగురికి మాత్రం నల్లబల్ల రోజులకంటే కష్టంగా ఉంది. ఎందుకు, ఏం చేయాలి?

లోటు పరికరాల్లో లేదు, ఫైళ్లలో ఉంది. మీకు ప్యాకేజీలో వచ్చినవి, మీ తోటి టీచర్లు స్కాన్ చేసి పెట్టినవి చాలావరకు పేజీల ఫొటోలు. పుస్తకం పేజీని ఫొటో తీసి ప్యానెల్ మీద వేస్తే పుస్తకాన్ని గోడకి తగిలించినట్టే. పాఠం అసలైన అక్షరాలుగా ఉంటే ఆ ఒక్క ఫైల్లోంచే పెద్దక్షరం వస్తుంది, చదివి వినిపించే గొంతు వస్తుంది, బ్రెయిల్ వస్తుంది, వరుసకి నాలుగు మాటల చొప్పున విడగొట్టుకోవడం వీలవుతుంది. బొమ్మగా ఉంటే ఇవేవీ రావు, ఎంత ఖరీదైన ట్యాబు ఇచ్చినా సరే. కాబట్టి పాఠాలన్నీ అనే మాట పక్కన పెట్టి, ముందు ఒక్క పాఠం ఫైలు సరిగా తయారుచేయడం దగ్గర మొదలుపెట్టండి.

మీ దగ్గరున్న ఏ ఫైలుకైనా మూడు పరీక్షలు, రెండు నిమిషాల పని. ఒక మాట మీద వేలు నొక్కిపట్టండి. ఆ మాట ఒక్కటే ఎంపికైతే అక్షరాలున్నట్టు. పేజీ మొత్తం ఒక ముక్కగా కదిలినా, అసలేమీ కాకపోయినా అది ఫొటో. రెండోది, ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు తెలుగులాగే వస్తే సరి. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగంగా వస్తే పాతకాలపు ఫాంటు అన్నమాట. మూడోది, ఫోన్లో టాక్‌బ్యాక్ (తెరమీద ఉన్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) ఆన్ చేసి కళ్లు మూసుకుని ఒక పేజీ వినండి. ఫొటోలు కానివాటిలో సైన్సు ఇంగ్లీషు ఫైళ్లు మొదటి రెండూ దాటి మూడోదాని దగ్గర తడబడతాయి, తెలుగు వాచకాలు రెండోదాని దగ్గరే పడిపోతాయి.

ఈ రెండోది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కంటికి ఏ లోపమూ కనిపించదు. మన డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేశారు, ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దృష్టిలో ఉన్నది ఇంగ్లీషు అక్షరమే, తెరమీద మాత్రం దానికి తెలుగు ముక్క బొమ్మ తొడుగుతారు. పైగా ఒక అక్షరం ఒక ముక్క కాదు. తలకట్టు వేరు, ఒళ్లు వేరు, ఒత్తు వేరు, అవి కూడా ఉచ్చారణ వరుసలో కాక పేజీ మీద కనిపించే వరుసలో పేర్చి ఉంటాయి. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ ఆ తొడుగు చూడదు, లోపలున్న ఇంగ్లీషు అక్షరాలు చదువుతుంది. కన్నడంలో నుడి, బరహ పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లదీ ఇదే కథ, మీ స్కూల్లో కన్నడం చెప్పే మేడమ్‌కీ ఈ పరీక్ష చూపించండి. అచ్చు వేసినవాళ్ల దగ్గర అసలు ఫైలు దొరికితే అను నుంచి యూనికోడ్‌కి (ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంకేతం ఉండే పద్ధతి) మార్చే కన్వర్టర్‌తో పని తేలిక. పీడీఎఫ్ ఒక్కటే ఉంటే కన్వర్టర్ జోలికి వెళ్లొద్దు, పీడీఎఫ్ చేసేటప్పుడే ముక్కల సంకేతాలు చెదిరిపోయి ఉంటాయి. దాన్ని బొమ్మగా భావించి ఓసీఆర్ చేయడమే మేలు, అంటే బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్‌తో గుర్తుపట్టించి టైపు అక్షరాలుగా మార్చడం. యూనికోడ్‌లో టైపు చేసినదైనా పీడీఎఫ్ అయ్యాక ఒత్తులు స్థానాలు మారే ప్రమాదం ఉంది. అందుకే వర్డ్ ఫైలే అసలు ప్రతి అనుకోండి, పీడీఎఫ్ అచ్చు తీయడానికి మాత్రమే.

ఓసీఆర్‌కి పేజీని 300 డీపీఐలో, వంకర లేకుండా స్కాన్ చేయండి. అయిదారు పేజీల ముక్కలుగా గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, ఫైలు మీద కుడి క్లిక్ కొట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, అక్షరాలు బొమ్మ కింద వస్తాయి. నెట్ లేకుండా చేయాలంటే టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాంలో తెలుగు, కన్నడ మోడళ్లున్నాయి. ఏదైనా సరే తప్పులు ఒకే చోట గుమిగూడతాయి: ద, ధ, థ ఒకదానికొకటి, ప, వ, ష ఒకదానికొకటి, కింద ఒత్తు ఎగిరిపోవడం, రెండు కాలమ్‌ల పేజీలో వరుసలు కలిసిపోవడం. వీటికంటే దొంగది ఇంకోటి ఉంది. సున్న. 'పంట' అన్న మాటలో పూర్ణానుస్వారం ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్న పడితే 'ప౦ట' అవుతుంది. చూడండి, కంటికి తేడా లేదు. చదివే గొంతు మాత్రం మాటని మధ్యలో విరిచి అంకెని అంకెగా చదువుతుంది. అందుకే ఫైలంతటా ఆ అంకె సున్నని వెతికి అనుస్వారంగా మార్చే పని అన్నిటికంటే ముందు చేయండి, ఒక్క ఫైండ్-రీప్లేస్‌తో వందల తప్పులు పోతాయి (తెలుగు అంకెలు వాడిన పాఠమైతే ఒక్కొక్కటీ చూసుకుంటూ). టైపు చేసేవాళ్ల ఇంకో అలవాటు, 'టెస్ట్‌ట్యూబ్' మధ్యలో విడదీత గుర్తు (పక్క అక్షరం ఒత్తుగా అతుక్కోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) వేయకపోవడం. అది 'టెస్ట్ట్యూబ్' అయి కూర్చుంటుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు ఆ ఒత్తుల గుట్ట దగ్గరే ఆగిపోతాడు.

దిద్దుబాటు కళ్లతో కాకుండా చెవులతో చేయండి. ఫైలుని ఫోన్ చదువుతుంటే అచ్చు పుస్తకం మీద వేలు నడపండి. కన్ను అలవాటు కొద్దీ దాటేసే తప్పు చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

అక్షరాలు శుభ్రమయ్యాక నిర్మాణం. పాఠం పేరు, ఉపశీర్షికలు బోల్డ్ చేసి పెద్దవి చేస్తే సరిపోదు, వర్డ్‌లో హెడింగ్ స్టైల్ ఇవ్వాలి (కంట్రోల్, ఆల్ట్, 1 నొక్కితే మొదటి స్థాయి, 2 నొక్కితే రెండోది). కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకి గెంతుతారు. స్టైల్ లేకపోతే నాలుగో పేజీ ప్రశ్న కోసం మూడు పేజీలు మళ్లీ వినాలి. మిగతా పిల్లలు పేజీ తిప్పేసే అర సెకను పనికి మీ చూపు తక్కువ ఉన్న అమ్మాయికి మూడు నిమిషాలు పడుతుంది, మనమేమో నెమ్మది అంటాం. రెండోది భాష. బెంగళూరు ఫైళ్లలో ఒకే పేజీలో ఇంగ్లీషు, కన్నడం, తెలుగు ఉంటాయి. ఏ పేరా ఏ భాషో వర్డ్‌లో రివ్యూ కింద ఉన్న లాంగ్వేజ్‌లో సెట్ చేయండి. వెబ్ పేజీ అయితే లాంగ్ గుర్తుకి తెలుగుకు టీఈ, కన్నడానికి కేఎన్. ఇది చేయకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు పేరాని దాటేసి వెళ్లిపోతుంది, వింటున్న పిల్లకి అక్కడ ఒక పేరా ఉందనే తెలియదు. ఒకే వాక్యంలో మూడు లిపులు కలపడం మానేసి పేరాకి ఒక భాష పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఇక బొమ్మలు. ప్రతి బొమ్మకీ ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ బదులు గొంతు చదివే వివరణ) రాయమంటే జనం 'బొమ్మ 3.2' అనో, 'అయస్కాంతం' అనో రాసి వదిలేస్తారు. అయస్కాంతాల పాఠంలో ఇనుపరజను బొమ్మ తీసుకుందాం. ఇలా రాయండి: 'దండాయస్కాంతం మీద ఇనుపరజను చల్లారు. రెండు కొనల దగ్గర రజను గుబురుగా పట్టుకుంది, నడుమ పలచగా ఉంది.' రెండు వాక్యాలు చాలు. 'అయస్కాంత శక్తి ధ్రువాల దగ్గర ఎక్కువని ఈ బొమ్మ తెలుపుతుంది' అని మాత్రం రాయొద్దు. బొమ్మ కిందున్న ప్రశ్న అడిగేది అదే, చూసే పిల్లలు తమకు తాము తేల్చుకునే సంగతిని ఈమెకి మాత్రం నోట్లో పెట్టినట్టవుతుంది. కళ్లకి కనిపించేది చెప్పండి, తీర్పు ఆమెకి వదిలేయండి. అంచుల్లో ఉండే పూలతీగలు, కార్టూన్ బుజ్జాయిలు అలంకారమని గుర్తుపెట్టండి, గొంతు వాటిని దాటేస్తుంది. అన్నట్టు, ఈ పాఠానికి అసలైన మందు ఫైలు కాదు. మూత బిగించిన పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో రజను పోసి, బయట అయస్కాంతం పెట్టి చేతికివ్వండి. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తుంది, గుబురు ఎక్కడ కట్టిందో ఆమే చెబుతుంది. డిజిటల్ అన్నాం కదా అని ఇలాంటివి మూలన పడేయకండి.

ఇలా ఎనిమిది పేజీల పాఠం మొదటిసారి చేయడానికి ఒక శనివారం పోతుంది. పదో పాఠానికి గంటన్నరలో అయిపోతుంది. ఈ పనంతా స్పెషల్ ఎడ్యుకేటర్ నెత్తిన వేయకండి. ఆమె పని పిల్లలతో, ఫైళ్ల మరమ్మతుతో కాదు. టైపింగ్, స్కానింగ్ ఆఫీసు వాళ్లు చేయొచ్చు, బొమ్మల వివరణ మాత్రం సబ్జెక్ట్ టీచరే రాయాలి. మొదలుపెట్టే ముందు ఎవరైనా ఇదివరకే చేశారేమో చూసుకోండి: అచ్చు చదవలేనివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయంలో వెతకండి, చూపు లేనివాళ్ల కోసం పనిచేసే హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లోని మిత్రజ్యోతి సంస్థని అడగండి, ఎన్సీఈఆర్టీ పుస్తకాలైతే వాళ్ల సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. కాపీరైట్ భయం చాలామందిని ఆపుతుంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో వెసులుబాటు వచ్చింది, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగలిగే రూపంలోకి మార్చి లాభాపేక్ష లేకుండా వాళ్లకి ఇవ్వడం తప్పు కాదు. ఆ ఫైలుని తరగతి గ్రూపులో అందరికీ పడేయడం మాత్రం దాని కిందకి రాదు.

ఇప్పుడు ఆ ఐదుగురి దగ్గరకి.

చూపు తక్కువ ఉన్న అమ్మాయి విషయంలో లెక్క వేసి మాట్లాడదాం. మామూలు చూపు (6/6) ఉన్నవాళ్లు ఆరు మీటర్ల దూరం నుంచి సుమారు 8.7 మిల్లీమీటర్ల అక్షరాన్ని గుర్తుపట్టగలరు, అదీ కష్టపడి. హాయిగా చదవాలంటే దానికి మూడింతలు కావాలి. మీ ఆఖరి బెంచి ఏడు మీటర్ల దూరమనుకుంటే అక్షరం సుమారు 30 మిల్లీమీటర్లు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు కూడా పట్టాలి కనుక వరుసకి తొమ్మిది సెంటీమీటర్లు. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 93 సెంటీమీటర్లు. అంటే చూపు బాగున్న పిల్లలకే తెరమీద పది వరుసలకి మించకూడదు. మీ ప్యాకేజీ స్లయిడ్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 6/60 అంటే గుర్తుపట్టడానికే పదింతల అక్షరం కావాలి, ఆరు మీటర్ల నుంచి 87 మిల్లీమీటర్లు. ముందు బెంచిలో రెండు మీటర్ల దూరంలో కూర్చోబెట్టినా 29 మిల్లీమీటర్లు, అదీ గుర్తుపట్టే హద్దు మాత్రమే. హాయిగా చదవడం కాదు. కాబట్టి 'ముందు కూర్చోబెట్టాం కదా' అనేది ఈమెకి జవాబు కాదు. ప్యానెల్ ఆమెకి పనికిరాదు, అంతే. అదే ఫైలు ఆమె చేతిలో ట్యాబులో ఉండాలి, పాఠం మొదలవకముందే తెరిచి ఉండాలి.

చేతిలో 30 సెంటీమీటర్ల దూరంలో ఆమెకి గుర్తుపట్టే హద్దు 4.4 మిల్లీమీటర్లు, హాయికి కనీసం దాని రెట్టింపు, అంటే ఇంగ్లీషు చిన్నక్షరాల్లో 48 పాయింట్లకి అటూఇటూ. అదే పేజీని 15 సెంటీమీటర్లకి తెచ్చుకుంటే 24 పాయింట్లు చాలు. ముఖం పేజీకి ఆనించి చదువుతుంటే కళ్లు పాడవుతాయని గదమాయించకండి, ఆమె చేస్తున్నది సరైన లెక్కే. ఇవి మొదటి అంచనాలు. 18, 24, 32, 48 పాయింట్లలో ఒకే పేరా పెట్టి, ఏది ఎక్కువసేపు అలసిపోకుండా చదువుతుందో ఆమెనే ఎంచుకోనివ్వండి. ఇక్కడే పీడీఎఫ్ ఎందుకు దండగో తెలుస్తుంది. పీడీఎఫ్‌ని పెద్దది చేస్తే వరుస తెర బయటికి పోతుంది. ఒక్కో వరుసకీ కుడికి జరపాలి, మళ్లీ ఎడమకి రావాలి, వచ్చేసరికి ఏ వరుసో మర్చిపోవాలి. వర్డ్, ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు), వెబ్ పేజీలైతే అక్షరం పెద్దదయ్యేకొద్దీ వరుస తెరలోపలే మడత పడుతుంది, కిందికి జరపడం ఒక్కటే మిగులుతుంది. తెలుగు ఫాంటు నోటో సాన్స్ తెలుగులాంటి ఒకే మందం ఉన్నది పెట్టండి, వరుసల మధ్య ఎడం కనీసం ఒకటిన్నర, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడితో కొట్టుకుంటుంది. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలి. తెలుపు మీద పసుపు, లేత నీలం మీద బూడిద రంగు పనికిరావు.

గొంతు గురించి ఒక మాట, తరగతిలో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. ఆండ్రాయిడ్‌లో తెలుగు, కన్నడ గొంతులు ఉన్నాయి, కాని ట్యాబులో దించుకుని ఉంచాలి. సెట్టింగ్స్‌లో టెక్స్ట్-టు-స్పీచ్‌కి వెళ్లి, గూగుల్ ఇంజిన్ పక్కనున్న చక్రం గుర్తు నొక్కి, ఇన్‌స్టాల్ వాయిస్ డేటాలో తెలుగు, కన్నడం, భారతీయ ఇంగ్లీషు మూడూ పెట్టుకోండి. ఈ పని స్టాఫ్ రూమ్‌లో వైఫై కింద పరీక్షిస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. తరగతిలో నెట్ పోగానే గొంతు మూగబోతుంది. అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి. కంప్యూటర్ అయితే ఎన్‌వీడీఏ ఉచితం, దాంతో వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు చదువుతుంది. గొంతు మర మనిషిలా ఉంటుంది, అయినా అలవాటైన పిల్లలు అదే వేగంగా వినగలరు.

చెవి మెషిన్ అబ్బాయికి ప్యానెల్ వల్ల కొత్త ఇబ్బంది ఏమిటంటే టీచరు ముఖం. నల్లబల్ల మీద రాస్తూ మాట్లాడే అలవాటే ప్యానెల్ దగ్గరా కొనసాగుతుంది, పెదవులు కనిపించవు. తాకి, తిరిగి, అప్పుడు మాట్లాడండి. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో అంత తగ్గకపోయినా టైల్స్, గోడల ప్రతిధ్వని, ఫ్యాను మోత కలిసి మాటని ముద్ద చేస్తాయి. మెషిన్ మాటనీ మోతనీ కలిపే పెంచుతుంది. రిమోట్ మైక్ (టీచరు మెడలో వేసుకుంటే గొంతుని నేరుగా మెషిన్‌కి పంపేది) ఉంటే వీడియో నడిచేటప్పుడు దాన్ని ప్యానెల్ స్పీకర్ పక్కన పెట్టండి, మెడలో వేసుకుని మర్చిపోకండి. బెంచి కాళ్లకి రబ్బరు బుడిపెలు వేయించండి, చవకలో అయ్యే పని.

వీడియోలకి క్యాప్షన్లు తప్పనిసరి. యూట్యూబ్ తనంతట తాను వేసేవి సైన్సు మాటల దగ్గర తప్పుతాయి, సరిగ్గా పిల్లవాడికి కొత్త మాట కావాల్సిన చోటే. మీరే వీడియో చేస్తే ముందు స్క్రిప్టు రాసుకుని దాన్నే ఎక్కించండి. ఒకసారికి రెండు వరుసలే, చదివే తీరిక ఉండాలి. మెషిన్ సరిపోని పిల్లలు, సైగలతో చదివేవాళ్లు వస్తే ప్రభుత్వ పాఠాల పోర్టల్ దీక్షలో ఎన్సీఈఆర్టీ పాఠాల భారతీయ సంకేత భాష వీడియోలున్నాయి, ఆ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఐఎస్ఎల్ఆర్టీసీ నిఘంటువులో 10,000 మాటలున్నాయి, ప్రభుత్వ పాఠాల టీవీ పీఎం ఈ-విద్యలో 31వ చానల్ దానికే. సంకేత భాష తెలుగుకో ఇంగ్లీషుకో చేతి రూపం కాదు, దాని వ్యాకరణం దానిదే. క్యాప్షన్లు ఉంటే సంకేత భాష అక్కర్లేదనుకోవడం పొరపాటు.

డిస్లెక్సియా ఉన్న ఇద్దరికీ ప్రత్యేక ఫాంటు కొనమని ఎవరైనా చెబితే వినకండి. ఓపెన్‌డిస్లెక్సిక్‌లో తెలుగు, కన్నడ అక్షరాలే లేవు, ఇంగ్లీషులో కూడా అది మేలు చేస్తుందనడానికి రుజువు బలహీనం. పనిచేసేవి సాదావి: 14 నుంచి 16 పాయింట్లు, ఎడమ అంచుకి మాత్రమే సర్దడం (రెండు అంచులకీ సర్దితే మాటల మధ్య ఖాళీలు వంకర్లు పోతాయి), వరుసకి తక్కువ మాటలు, గొంతు చదువుతుంటే ఆ మాట మెరిసేలా పెట్టడం, వేగం కాస్త తగ్గించడం. బెంగళూరు తెలుగు పిల్లల్లో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. తెలుగు, కన్నడ అక్షరాలు అక్కచెల్లెళ్లు. చాలా అక్షరాల ఒళ్లు ఒకటే, తేడా తలకట్టులోనే. మనది టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, కన్నడంలో అడ్డంగా సాగి వంపు తిరుగుతుంది. మిగతా పిల్లలకి ఇది వరం, ఒకటి వస్తే రెండోది సగం వచ్చినట్టే. వీళ్లకి తికమక. రెండు భాషల వర్క్‌షీట్లకి రెండు వెలిసిన రంగుల నేపథ్యం పెట్టండి, ఒకే పీరియడ్లో రెండూ ఇవ్వకండి.

ఆటిజం ఉన్న అబ్బాయికి ప్యానెల్ కంటెంట్లో తీసేయాల్సినవే ఎక్కువ: తనంతట తాను మొదలయ్యే వీడియో, సరైన జవాబుకి చప్పట్ల మోత, తప్పు జవాబుకి బజర్, ఎగిరే అక్షరాలు. సెకనుకి మూడుసార్లకి మించి మెరిసేది ఏదైనా ఎవరి ముందూ పెట్టకూడదు, మూర్ఛ వచ్చే పిల్లలుంటారు. ఈ పీరియడ్లో ఏం జరగబోతోందో నాలుగు బొమ్మల వరుస ముందుగా చూపించండి. ట్యాబులో యాప్ పిన్నింగ్ పెడితే వేరే యాప్‌లోకి జారిపోడు. మాట కోసం బొమ్మల యాప్ వాడతాడంటే, చెన్నైలో పుట్టిన ఆవాజ్ లాంటిదైనా ఇంకోటైనా, ఆ ట్యాబు పదింటిలో ఒకటి కాకూడదు. అది అతని నోరు. చార్జింగ్ ట్రాలీలో పెట్టి తాళం వేయకూడదు, అల్లరి చేశాడని లాక్కోకూడదు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు కనుక రెండుచోట్లా కావాల్సిన మాటలు అమ్మానాన్నలతో కూర్చుని ఎంచుకోండి. టీచరు కూడా మాట్లాడుతూ ఆ బొమ్మల మీద వేలు పెట్టాలి. చుట్టుపక్కల ఎవరూ వాడని భాష ఎవరికీ రాదు.

మిగతా ట్యాబుల్ని ముగ్గురు నలుగురి మధ్య ఒకటి చొప్పున పంచే బదులు, కావాల్సిన పిల్లలకి పేరు రాసి కేటాయించండి. అక్షరం సైజు, గొంతు వేగం, రంగులు అన్నీ పిల్లని బట్టి ఉంటాయి. ఉమ్మడి ట్యాబులో ప్రతి పీరియడ్ మొదట్లో అయిదు నిమిషాలు సెట్టింగులకే పోతుంది. వీళ్లకే ఇస్తే వేలెత్తి చూపినట్టుంటుందనిపిస్తే మిగతావి ఎవరైనా తీసుకోవచ్చని చెప్పండి, పెద్దక్షరాలు ఇష్టపడే పిల్లలు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటారు. అప్‌డేట్లు శుక్రవారం సాయంత్రం. ఇయర్‌ఫోన్లు వైరువే కొనండి, బ్లూటూత్‌వి పది ఒకే గదిలో జత కుదర్చడం తలనొప్పి.

ఇంటికి పంపేవి: బోర్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టడం ఆపండి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, గొంతు దాన్ని చదవదు. హోంవర్క్ మెసేజ్‌గా టైపు చేయండి, ఫైలైతే డాక్యుమెంట్‌గా పంపండి.

పరీక్ష గురించి జూన్‌లోనే ఆలోచించాలి. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అర్హులైన పిల్లలకి గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంది, నెట్ లేని కంప్యూటర్ మీద జవాబు టైపు చేసుకోవడానికీ ప్రశ్నలు పెద్దక్షరాల్లో చూసుకోవడానికీ వీలుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటైన నిర్దిష్ట అభ్యసన వైకల్యం కిందకి డిస్లెక్సియా కూడా వస్తుంది, కాబట్టి ఇది దయ కింద అడిగేది కాదు. కానీ ఏడాదంతా గొంతుతో చదివిన పిల్లకి యూనిట్ టెస్టులో జిరాక్సు కాగితం ఇస్తే ఆమెకి సైన్సు వచ్చో రాదో ఆ మార్కులు చెప్పవు. మీ యూనిట్ టెస్టు ప్రశ్నపత్రమే మొదట మార్చాల్సిన ఫైలు అని నా అభిప్రాయం. చిన్నది, మీ చేతిలోది, రాసింది మీరే.

మేనేజ్‌మెంట్‌కి ఇలా చెప్పి చూడండి: దసరాలోపు ఆరో తరగతి సైన్సులో మూడు పాఠాలు, తెలుగులో రెండు, యూనిట్ టెస్టు పేపర్లు. అవి ఐదుగురూ మిగతావాళ్లతో పాటే తెరిచి, ప్రశ్నకి తమ పద్ధతిలో జవాబిచ్చారా అన్నదొక్కటే కొలత, ఎన్ని ఫైళ్లు ఎక్కాయన్నది కాదు. ఆ తర్వాత వేగం దానంతటదే వస్తుంది.

చివరగా, ప్యాకేజీ కంపెనీ ప్రతినిధి రెన్యువల్‌కి వస్తాడు. అతని ట్యాబు మీదే, మీ ఎదుటే నాలుగు చూడండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పాఠం తెరుచుకుంటుందా. టాక్‌బ్యాక్ ఆన్ చేసి కుడికి జరుపుతూ పోతే ప్రతి బటన్ పేరు పలుకుతుందా, లేక పేరు లేని బటన్ల వరుస వినిపిస్తుందా. ఫోన్లో అక్షరం సైజు గరిష్ఠానికి పెడితే పాఠంలో అక్షరం పెరుగుతుందా. క్విజ్‌లో లాగి వదిలే ప్రశ్నకి నొక్కి జవాబిచ్చే దారి ఇంకోటి ఉందా, టైమర్ ఆపగలమా. వీటిలో ఏదైనా తదుపరి అప్‌డేట్‌లో వస్తుందంటే, ఆ తేదీ ఒప్పందంలో రాయించండి, అది వచ్చేదాకా డబ్బులో కొంత ఆపే షరతు కూడా.